ఒవెన్ మూతకి చూరు కావాలి

ఆదివారం, విజయనగరం

పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రికి మిగిలిన దప్పళం. మూడూ మైక్రోవేవ్‌లో వేడెక్కినవే. అంబలి తుళ్ళినంతగా పప్పు తుళ్ళలేదు, దప్పళం దాదాపు ఊరుకుంది. పల్చటి దాంట్లో వేడెక్కిన భాగం పైకి లేచి చల్లటి భాగంతో కలిసిపోతుంది. చిక్కటి అంబలి అలా కదలదు. లోపల ఒకచోట నీరు ఆవిరవుతుంది, పైన కట్టిన పొర కింద బుడగ ఉబ్బుతుంది, పగిలినప్పుడు ఆ పొరని కూడా వెంటబెట్టుకుని ఎగురుతుంది.

తుళ్ళింది ఒవెన్ గోడలకి అంటకుండా లోపల గిన్నెమీద బోర్లించే మూత గురించి ఆలోచించే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అంబలిలో రెండు మూడు చెంచాల నీళ్ళు కలిపి, గరిటెతో నడుమ గుంట చేసి, సగం పవర్‌లో పెట్టి, మధ్యలో ఒకసారి కలపాలి. మామూలు ఒవెన్‌లో సగం పవర్ అంటే పూర్తి పవరే కాసేపు వెలిగి కాసేపు ఆగడం. ఆ ఆగిన వ్యవధిలో వేడి చుట్టూ సర్దుకుంటుంది. పులుసులో కోడిగుడ్డుంటే చీల్చి పెట్టాలి. చీల్చకపోతే ఏ మూతా ఆపలేదు.

ఇక మూత. గంటస్తంభం దగ్గర దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ మూతలు చాలామట్టుకు ఒకే అచ్చు: చదునైన నెత్తి, దానిమీద నాలుగైదు సన్న బెజ్జాలు, నడుమ పిడి. బెజ్జాలు సరిగ్గా కూరకి నెత్తిన ఉంటాయి కాబట్టి తుళ్ళిన చుక్కలకి అదే దారి. పైగా అవి చాలవు. 800 వాట్ల ఒవెన్‌లో మరుగు పట్టాక 10 మిల్లీలీటర్ల నీరు ఆవిరవ్వడానికి అర నిమిషం చాలు. ఆ కాస్త నీరే 17 లీటర్ల ఆవిరి. మూత లోపలి జాగా మూడు లీటర్లనుకుంటే ఆరు మూతలకి సరిపడా ఆవిరి అర నిమిషంలో బయటికి పోవాలి. 3 మి.మీ. బెజ్జాలు నాలుగుంటే ఆ జోరుకి తేలికపాటి మూత టపటపమని ఎగురుతుంది. అంచు కిందనుంచి పసుపునీళ్ళు పళ్ళెం మీదికి వస్తాయి. చదును నెత్తికి పట్టిన ఆవిరి నీరు మాత్రం తిరిగి అన్నంలోకే కారుతుంది. ఇడ్లీకి అది మేలే, ఉప్మాకి కాదు.

ఆవిరి మలుపు తిరగగలదు, తుళ్ళిన చుక్క తిరగలేదు. కాబట్టి ఆవిరి దారిలో ఒక మలుపు ఉండాలి. ఉత్తరాంధ్ర తీరం ఊళ్ళలో చుట్టిల్లు ఎలా ఉంటుందో మూత అలా ఉండాలి: గుండ్రటి గోడ, దానిమీద కోసుగా కప్పు, గోడని దాటి కిందికి వాలిన చూరు.

కొలతలు 24.5 సెం.మీ. గాజు పళ్ళెం ఉన్న చిన్న ఒవెన్‌కి. గోడ వ్యాసం 21, ఎత్తు 6. కప్పు వ్యాసం 23, నడుమ ఎత్తు 6. అంటే చూరు గోడని చుట్టూరా ఒక సెంటీమీటరు దాటుతుంది. గోడ అంచున ఎనిమిది చిన్న పళ్ళు వదిలి, వాటిమీద కప్పు ఆనితే 3 మి.మీ. సందు మిగలాలి. చుట్టూ కలిపి అది 20 చదరపు సెంటీమీటర్ల దాకా వస్తుంది కాబట్టి మూత ఎగరదు. ఇంకా తగ్గిస్తే నీటిపొర సందుని మూసేసి బుడబుడలాడుతుంది. కప్పు లోపల పట్టిన నీరు వాలు మీద జారి చూరు నుంచి గోడ బయట, గాజు పళ్ళెం మీదే పడుతుంది. కప్పు ఎత్తు 4కి తగ్గించామా, చుక్కలు జారకుండా నడిమధ్యనే రాలతాయి. గోడ గాజు పళ్ళెం మీదే నిలవాలి, కూర గిన్నె మీద కాదు.

రెండు ముక్కలు కావడం వల్ల ఇంకో లాభం: అంబలి కలపడానికి కప్పు ఒక్కటి తీస్తే చాలు. తీసేటప్పుడు మాత్రం అవతలి అంచు ముందు లేపాలి. ఇవతల లేపితే ఆవిరి మణికట్టు మీదికే.

నమూనాకి ఫైలు కవర్ల పాలీప్రొపిలీన్ షీటు చాలు. 13 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం కోసి, అందులో 37 డిగ్రీల ముక్క తీసేసి, అంచులు సెంటీమీటరు మేర ఒకదానిమీదొకటి వేస్తే కప్పు తయారు. ఈ ప్లాస్టిక్‌కి మామూలు జిగురు అంటుకోదు. నూలుదారంతో కుట్టాలి. స్టేప్లర్ పిన్ను కొడితే నిప్పురవ్వలే. (అదే కారణంగా శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి మూతకీ ఇక్కడ చోటు లేదు.) ఫైలు షీటు తిండికోసం చేసింది కాదు, పరీక్షకి పెట్టిన అంబలి పారబొయ్యాలి. పరీక్ష ఇంతే: చూరు చుట్టూ తెల్ల టిష్యూ వదులుగా వేలాడదీసి, పసుపు కలిపిన చిక్కటి అంబలిని రెండు నిమిషాలు ఫుల్ పవర్‌లో పెట్టడం. టిష్యూ తడిస్తే పర్లేదు, పసుపు చుక్క కనబడితే చూరు పొట్టిదన్నమాట.

అసలు మూతకి అడుగున 5 అంకె ఉన్న, మైక్రోవేవ్‌కి తగిన పాలీప్రొపిలీన్ మంచిది. నీటి ఆవిరిని బాగానే తట్టుకుంటుంది. 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మరిగే నూనె, బెల్లం పాకం తగిలినచోట గుంటపడుతుంది. బోరోసిలికేట్ గాజుకి ఈ బెడద లేదు గానీ బరువు. తడిచేత్తో రోజూ ఎత్తిదించేది అంత బరువుండకూడదు. మెత్తటి సిలికాన్ బిళ్ళలు చల్లారాక గిన్నెని పట్టేసుకుంటాయి, అంచు కొద్దిగా లేపి గాలి పోనివ్వాలి.

పసుపు మరక నూనెతో కలిసి ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, సబ్బుకి పోదు. ముందు జిడ్డు తుడిచి, తోమి, ఎండలో పెడితే వెలుతురుకి విరిగి పాలిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇది కుదరదు, పచ్చగా ఉన్నా వాడుకోవడమే.