కాలదోషం పట్టకముందే

మునుగోడు మండలంలోని మా ఊరిలో వరుసకు నాకు అన్న అయ్యే ఒక రైతు, ఎండిపోతున్న బత్తాయి తోటను దక్కించుకోవడానికి ఇంకొక బోరు వేయాలని చెప్పి, 2021లో లక్షన్నర రూపాయలు సర్దమని మా ఇంటికి వచ్చాడు. నా భర్త పోయిన తరువాత బట్టలు కుట్టి కూడబెట్టుకున్న డబ్బుకు, చిట్టీ పాడగా వచ్చిన మొత్తాన్ని కలిపి ఇచ్చాను. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ప్రామిసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఇచ్చాడు. నోటు మీద తేదీ ఆగస్టు 14. ఆ తేదీకి ఎంత విలువ ఉందో నాకు మూడేళ్లు దగ్గరపడే దాకా తెలియలేదు.

మరుసటి ఏడాది దసరాకు పది వేలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ తరువాత ఎప్పుడు అడిగినా "కాయ అమ్మినంక ఇస్త చెల్లె, నీ పైసలు యాడికి పోతయ్" అనే మాటే. ఒకే వాడకట్టులో ఉంటూ, పెళ్లిళ్లకూ చావులకూ ఎదురుపడే మనిషిని గట్టిగా నిలదీయడానికి నాకు మొహమాటం అడ్డువచ్చింది. పెద్దమనుషుల్లో పెట్టమని కొందరు, లాయరును పట్టుకొమ్మని కొందరు సలహా చెప్పారు గానీ, పోయిన డబ్బు కోసం మళ్లీ డబ్బు పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

మా మహిళా సంఘం సమావేశానికి ఒకసారి న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా పనిచేసే అమ్మాయి వచ్చింది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం వివరాలు చెబుతారనీ, నల్లగొండలో జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయానికి నేరుగా కూడా వెళ్లవచ్చనీ చెప్పింది. ఉచితం అన్న మాట వినగానే తెల్ల రేషన్ కార్డు, ఆదాయ ధృవీకరణ పత్రం ఉండి తీరాలనుకుని, మీసేవ కేంద్రం చుట్టూ తిరిగి ఆ పత్రం తీసుకున్నాను. అది వృథా శ్రమ. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఈ సహాయం అందుతుంది. పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, జైలులో ఉన్నవారికి కూడా అంతే. ఆదాయ పరిమితి చూసేది చట్టంలో చెప్పిన ఇలాంటి కోవల్లోకి రానివారికి మాత్రమే.

2024 ఏప్రిల్‌లో ఒక సోమవారం నల్లగొండ వెళ్లాను. దరఖాస్తులో నా పేరు, ఎదుటివారి పేరు, చిరునామాలు, విషయం క్లుప్తంగా రాసి, ఆధార్ జిరాక్సు జతచేశాను. మధ్యాహ్నం దాటాక సంస్థ తరఫున కేసులు చూసే ప్యానెల్ లాయరు మేడం ముందు కూర్చోబెట్టారు. నేను కథంతా మొదటి నుంచి చెప్పబోతే ఆమె ఆపి, "ముందు నోటు చూపించమ్మా" అన్నారు. స్టాంపు అంటించి ఉందా, సంతకం దాని మీదుగా ఉందా, సాక్షులు ఎవరు అని చూసి, తేదీ దగ్గర వేలు పెట్టి, "ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి, తెలుసా?" అని అడిగారు.

నేను చివరిసారి అడిగిన రోజు నుంచి మూడేళ్లు లెక్కపెడతారని అనుకున్నాను. ఊళ్లో చాలామంది అట్లాగే అనుకుంటారు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు మూడేళ్లు నోటు రాసిన తేదీ నుంచే నడుస్తాయని, అవి దాటితే కాలదోషం పట్టి, డబ్బు ఇచ్చిన మాట నిజమే అయినా కోర్టులో దావా నిలవదని మేడం వివరించారు. మరి దసరాకు పది వేలు ఇచ్చాడు కదా అన్నాను. "నోటు వెనక చెల్లు రాయించి ఆయన సంతకం తీసుకున్నావా?" అన్నారు. నోటు తిప్పితే వెనక తెల్లగా ఉంది. ఆ రోజు ఒక్క వరుస రాయించి ఉంటే మూడేళ్ల లెక్క అక్కడి నుంచి కొత్తగా మొదలయ్యేదట. అన్నను సంతకం అడగడం ఏం బాగుంటుందని ఆనాడు నేను ఊరుకోవడం వల్ల ఎంత నష్టం జరగబోయిందో అప్పుడు అర్థమైంది.

ఇంకెవరికైనా వడ్డీకి ఇస్తుంటావా అని కూడా ఆమె అడిగారు. ఆ ప్రశ్న నాకు కొంచెం కష్టంగానే తోచింది. నిజాం కాలపు లెక్కలో ఫసలీ 1349 నాటి తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం ఇప్పటికీ ఉందని, లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవారి దావాను కోర్టు కొట్టివేస్తుందని, అవతలి పక్షం మొదట పట్టుకునేది దానినేనని చెప్పాక ఆ ప్రశ్నలోని అవసరం తెలిసింది. నేను ఇచ్చింది ఈ ఒక్కరికే.

దారి రెండు విధాలుగా ఉందన్నారు. దావా వేయకముందే సంస్థ తరఫున ఎదుటివారికి నోటీసు పంపి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం ఒకటి, నేరుగా దావా వేయడం ఇంకొకటి. మొదటిదానికి కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే, రాజీ కుదిర్చే లోక్ అదాలత్ ఆ ఒప్పందాన్ని తీర్పులాగా రాసి ఇస్తుంది, దాన్నే అవార్డు అంటారు. అదే 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అయితే ఆయన రాకపోయినా, వచ్చి కాదన్నా ఇక్కడ ఎవరూ బలవంతం చేయలేరు. పైగా ఇక్కడ దరఖాస్తు పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. అందువల్ల జూన్ నెలాఖరు దాకా చూసి, కుదరకపోతే సంస్థ ఖర్చుతోనే దావా వేసేలా కాగితాలు సిద్ధం చేసుకుందామన్నారు. అసలు నోటు ఎవరి చేతికీ ఇవ్వవద్దని, అడిగినవారికి జిరాక్సు మాత్రమే ఇవ్వమని రెండుసార్లు చెప్పారు.

నోటీసు అందిన రోజు సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చి, ఇంటి పరువు కోర్టుకు ఎక్కించానని ఏడ్చింది. నాకూ బాధే కలిగింది. మొదటి తేదీకి ఆయన రాలేదు. మే నెలలో రెండో తేదీకి వచ్చి, బాకీ లేదని అనకుండా, వడ్డీ మాత్రం కట్టలేనన్నాడు. వడ్డీ నెలకు మూడు వేల చొప్పున చూస్తే, పది వేలు పోను నాకు రెండు లక్షల ముప్పై వేలకు పైగానే రావాలి. దావాలో ఈ వడ్డీ అంతా వస్తుందన్న నమ్మకం లేదని మేడం ముందే చెప్పి ఉన్నారు గనుక, లక్షా తొంభై వేలకు ఒప్పుకున్నాను. నలభై వేలు అప్పటికప్పుడు, డెబ్బై అయిదు వేలు సెప్టెంబరులో, మిగతా డెబ్బై అయిదు వేలు మార్చిలో. వాయిదా తప్పితే మళ్లీ దావా అక్కరలేకుండా అమలు పిటిషను వేసుకోవచ్చని అవార్డులో రాసి, చదివి వినిపించాకే ఇద్దరి చేతా సంతకాలు చేయించారు. బస్సు చార్జీలు, జిరాక్సులు తప్ప నాకు ఖర్చు కాలేదు.

సెప్టెంబరు వాయిదా ఇరవై రోజులు ఆలస్యమైంది. మార్చి వాయిదా తీసుకోవడానికి వాళ్లింటికి వెళ్లిన రోజు నేను రసీదు రాయబోతే, "మన మధ్య రసీదెందుకు చెల్లె" అన్నాడు. ఇప్పుడు ఆ రసీదు అవసరం నాకంటే ఆయనకే ఎక్కువని చెప్పి, రెండు ప్రతులు రాసి, సంతకం చేసి ఒకటి ఆయన చేతికి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, వదిన పెట్టిన చాయ్ చల్లారుతోందని నన్ను లోపలికి పిలిచాడు.