నొగ మీద బరువు

పొద్దున 7కు డాలస్ నుంచి అక్క కొడుకు ఫోన్. వాళ్లకు రాత్రి ఎనిమిదిన్నర. 30 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కొంటాడంట. మంచాలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ చక్రాల మీదే. "మామా, లాగేదానికి ఫోర్డ్ పికప్ బండి ఎఫ్-150 చాలునా, దానికన్నా పెద్దది ఎఫ్-250 తీసుకోవల్లా?" అంటాడు. అనంతపురం దాటితే దోవ తెలీని నన్ను అడిగేది! ట్రాక్టర్ తోలేవాణ్ణి కదా, అందుకంట.

షోరూమాయన ఎఫ్-150 11,000 పౌన్లు లాగుతాదన్నాడంట. ట్రైలర్ సామాన్లతో కలిపి 9,000. ఇంకేం భయమని వీని ధీమా. లాగేది సరే, నొగ మీద ఎంత పడతాదో చూసినావా అన్నా. నొగ అంటే ఏందంటాడు! ఎద్దులబండికి ముందర కాడికి కట్టే పొడుగు కొయ్య; ట్రైలర్‌కైతే లాగే బండికి తగిలించే ముందరి కడ్డీ. వీళ్ల జేజినాయన బతికినన్నాళ్లూ ఎద్దులబండి తోలినోడు. బరువు ముందుకు పడితే కాడి మెడల్ని అణుస్తాది, ఎనక్కి పడితే నొగ పైకి లేస్తాది. బండేదైనా ఇదే లెక్క.

డ్రైవర్ డోరు తీసి, గుంజ మీది స్టిక్కరు ఫోటో పెట్టమన్నా. తీసి పెట్టుకునే ఉన్నాడు. మనుషులు, సామాను కలిపి 1,600 పౌన్లు మించరాదని ఉంది. నొగ బరువు కూడా అందులోదే. ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 దాకా నొగ మీద ఉండల్ల, తగ్గితే రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపుతాది. 13 వేసుకున్నా 1,170 పాయె. మిగిలింది 430, మన లెక్కలో 195 కిలోలు. మొగుడూ పెండ్లాం ఇద్దరు పిల్లోళ్లూ ఎక్కితే ఇంకేముంది? కోడలి బరువు చెప్పమంటే గొంతు తగ్గించినాడు.

ఎఫ్-250లో డీజిల్ బండి చూస్తాడంట. ఆ ఇంజన్ బరువెక్కువ, ఆ మేరకు మోసేది తగ్గుతాది, దాని డోరూ తీసి చూడు అన్నా.

మధ్యాన్నం దిబ్బెరువు తోలినాం. పిల్లోళ్లు ట్రాలీలో ఎరువంతా ముందరే పోసినారు. గట్టెక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి, స్టీరింగు చేతిలో గాలి మాదిరి తిరిగింది. దిగి, రెండు గంపలు కాదు, ఇరవై గంపలు ఎనక్కి తోయించినా. పొద్దున అంత చెప్పినోణ్ణి, నా ట్రాలీ నేనే చూసుకోలే.

రాత్రి ఇంకో ఫోటో వచ్చింది. ఎఫ్-250 డోరు, పెట్రోల్ బండి. 3,000 పౌన్ల పైనే ఉంది. ధరెంత రా అని అడిగినా. ఇంకా జవాబు రాలే.