బాలల సైన్స్ కాంగ్రెస్‌లో జడ్జిగా నా అనుభవం

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నల్గొండ జిల్లా స్థాయి బాలల సైన్స్ కాంగ్రెస్‌కి జడ్జిగా రమ్మంటే సంతోషంగా ఒప్పుకున్నాను. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, పరిశీలించి, లెక్కలు రాసుకుని వచ్చి చెబుతారు. చెప్పడానికి 8 నిమిషాలు, ప్రశ్నలకు 2 నిమిషాలు.

నా దృష్టిలో అసలు పరీక్ష ఆ 2 నిమిషాలే. బట్టీ పట్టిన ఇంగ్లీషు ప్రసంగం చక్కగానే సాగిపోతుంది. ఈ అంకె ఎలా వచ్చిందని అడిగితేనే పని ఎవరు చేశారో తెలుస్తుంది. అందుకే ముందు లాగ్ బుక్, అంటే పిల్లలు చేసిన పని రోజువారీగా రాసుకునే పుస్తకం, తిరగేసేవాణ్ణి. కొట్టివేతలు, వేర్వేరు పెన్నులతో రాసిన తేదీలు కనిపిస్తే నమ్మకం కలిగేది. మొత్తం ఒకేసారి కూర్చుని రాసేసినట్టుంటే ప్రశ్నలు పెంచేవాణ్ణి.

ఒక ప్రభుత్వ పాఠశాల అమ్మాయి ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి చెప్పింది. టెన్షన్‌తో గొంతు వణికింది, సగంలో బెల్ కూడా మోగింది. వాళ్ళ జట్టు వాడింది రంగు చూసి చెప్పే కిట్. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు వైపు వెళుతుంది. దాన్ని చార్టుతో పోల్చాలి, అంటే కంటి అంచనాయే.

"ఆ రంగు ఎవరు చూశారమ్మా?" అన్నాను.

"ఇద్దరం విడివిడిగా చూసి రాసుకున్నాం సార్. తేడా వస్తే మళ్ళీ చేశాం."

ఆ మాట విన్నాక నాకు ఇంకే ప్రశ్నా అవసరం లేకపోయింది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి పుస్తకంలో దొరుకుతుంది. తన కన్నునే అనుమానించాలన్న ఆలోచన మాత్రం పని చేసినవాళ్ళకే వస్తుంది.

మార్కుల దగ్గర తోటి జడ్జి ఒకాయన, ఇంగ్లీషులో చెప్పిన ఇంకో జట్టు గురించి, "వాళ్ళు చెప్పిన తీరు బాగుంది కదండీ" అన్నారు. తెలుగులో చెప్పడం తప్పు కాదని, చెప్పే తీరుకు ఉన్న మార్కులు వేరే ఉన్నాయని, మిగతావి పనికేనని గట్టిగానే వాదించాను. చివరికి రెండు జట్ల లాగ్ బుక్కులూ పక్కపక్కన పెట్టి చూశాక ఆయనా ఒప్పుకున్నారు.

ఆ అమ్మాయి జట్టు రాష్ట్ర స్థాయికి ఎంపికైంది. వాళ్ళ గైడ్ టీచర్‌తో చెప్పాను: "అవే శాంపిళ్ళు మా ల్యాబ్‌కి తీసుకురండి మేడం, ఫ్లోరైడ్‌ని అంకెల్లో చూపించే ఎలక్ట్రోడ్‌తో కొలుద్దాం. కిట్ ఎంత తేడా చూపిస్తోందో పిల్లలే పట్టిక వేసుకుంటారు."