ఒకే సూదిలో రెండు రంగులు

మన కుట్టు టీచర్ గారు గొలుసు కుట్టు (లూప్‌లు ఒకదాన్లో ఒకటి దూరి గొలుసులా సాగే ఎంబ్రాయిడరీ కుట్టు) చక్కగా కుదిరేదాకా ఇంకో కుట్టు జోలికి పోనిచ్చేవారు కాదు. దారం గట్టిగా లాగితే లూప్ సన్నబడి గీతలా అయిపోతుంది, వదులుగా వదిలేస్తే గుడ్డ మీద లేచి నిలబడుతుంది. వరుస పూర్తవగానే ఆవిడ మొదట గుడ్డ తిరగేసేవారు. గొలుసు కుట్టుకు వెనక వైపు ఒకదాని వెంట ఒకటి చిన్న గీతలే కనబడతాయి. అవి సమానంగా ఉంటేనే ఆవిడ ముందు వైపు చూసేది.

మేజిక్ చెయిన్, అంటే రెండు రంగుల గొలుసు కుట్టు, నేర్పించిన రోజు నాకిప్పటికీ గుర్తే. ఎరుపు, పసుపు దారాలు రెండేసి పోగులు తీసి, పెద్ద కన్నున్న ఒకే సూదికి కలిపి ఎక్కించారు. సూది ఎప్పటిలాగే దింపి, మొన బయటికి తీసి, దాని కిందుగా ఎరుపు దారాన్ని మాత్రమే తిప్పారు. పసుపును సూదికి పైనే వదిలేశారు. లాగగానే గుడ్డ మీద ఎర్రటి లూప్ ఒక్కటే మిగిలింది! తర్వాతి కుట్టుకి పసుపు కింద, ఎరుపు పైన. ఒకటి విడిచి ఒకటి రంగు మారుతూ గొలుసు సాగిపోతుంటే బెంచీల మీంచి లేచి ఆవిడ చుట్టూ మూగిపోయాం.

అసలు పని చివర్లో ఉంటుంది. లాగిన తర్వాత కూడా కనబడకూడని రంగు ఒక్కోసారి కొంచెం పైన మిగిలిపోతుంది. ఆ దారాన్ని ఒక్కదాన్నే పట్టుకుని మెల్లగా లాగితే లోపలికి జారిపోతుంది. జారకపోతే సూది ఆ దారం పోగుల మధ్యలోంచి దూరిందన్నమాట, ఆ కుట్టు విప్పాల్సిందే.

ఆ రంగు ఎక్కడికి పోయిందో గుడ్డ తిరగేస్తే తెలిసింది. వెనక ప్రతి గీతలోనూ రెండు రంగులూ ఉన్నాయి. లూప్ అయ్యే దారం పైన రెండుసార్లు, కింద ఒకసారి నడుస్తుంది, రెండోది కింద మాత్రమే. అంటే ఒక్కో కుట్టుకి లూప్ అయ్యే రంగు, రెండోదానికి దాదాపు మూడింతలు పడుతుంది. రంగులు ఒకటీ ఒకటీగా మారుస్తుంటే రెండూ ఒకేసారి అయిపోతాయి. మూడు ఎరుపుకి ఒక పసుపు వేస్తే ఎరుపు ముందే అయిపోతుంది. ఈ లెక్క టీచర్ గారు చెప్పలేదు. వెనక వైపు చూడటం అలవాటు చేశారు కాబట్టి మాకే తట్టింది. ఆవిడ పాఠాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇప్పటికీ ఆకుల అంచులకి ఈ కుట్టే వేస్తాను. ఎరుపు, పసుపు లాంటి దూరపు రంగులకన్నా ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ కలిపితే ఇంకా బాగుంటుంది, దూరం నుంచి వెలుగునీడల్లా కనిపిస్తుంది. దారం మాత్రం మోచేయంత పొడవు మించనివ్వను, రెండూ మెలిపడి చిక్కుపడతాయి.

మన బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా అప్పటి శాంపిల్ గుడ్డ ఉంటే ఈసారి కలిసినప్పుడు తప్పకుండా తీసుకురండి. రెండు వైపులా ఫోటో తీసి దాచుకోవాలని ఉంది.