పెలగోస్ మీద గీతలు

జులై, బుధవారం

తిమింగలాల్నీ డాల్ఫిన్లనీ విమానంలోంచి లెక్కపెట్టే పని మాది. మ్యాపు మీద ముందే గీసుకున్న తిన్నని గీతల వెంట ఎగురుతాం. పొద్దున గాలి, దాని బలం కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 2. మూడు దాటితే తెల్లనురగలు లేచి, కనిపించింది డాల్ఫిన్ వీపో అలో తేలదు. ఆ రోజు ఎగరడం దండగ. ఇవాళ ఎగరొచ్చు.

మధ్యధరాలోని పెలగోస్ సముద్ర రక్షిత ప్రాంతం సుమారు 87,500 చదరపు కిలోమీటర్లు. ఫ్రాన్స్, ఇటలీ, మొనాకో 1999లో సంతకాలు చేస్తే 2002లో అమల్లోకి వచ్చింది. ఎవరి నీళ్లు వాళ్లు వేర్వేరు నెలల్లో లెక్కపెట్టుకుంటే ఒకే ఫిన్ తిమింగలం రెండు జాబితాల్లోకీ ఎక్కొచ్చు, రెండింట్లోనూ తప్పిపోవచ్చు. అందుకే ఒకే సీజన్, ఒకే పద్ధతి. గీత సరిహద్దు దగ్గర తెగకూడదంటే గగనతల అనుమతులు, సైనిక విన్యాసాలకు మూసే వేళలు ముందే చూసుకోవాలి.

ఎత్తు 600 అడుగులు, వేగం 100 నాట్లు. కిటికీలు బుడగల్లా బయటికి ఉబికి ఉంటాయి. మామూలు అద్దమైతే విమానం కింది పట్టీ కనపడదు. గీత మీద పైకి తేలినదేదీ తప్పిపోలేదన్న నమ్మకం మీదే మొత్తం లెక్క నిలబడుతుంది.

అన్నిటికన్నా నాజూకైనది కోణం, అంటే దిగంతం నుంచి జంతువు ఎన్ని డిగ్రీలు కిందికి ఉందో. గీత నుంచి దాని దూరం తేలేది దాంతోనే. జంతువు సరిగ్గా మన పక్కకి వచ్చిన క్షణంలోనే, ఆ కోణం కొలిచే క్లైనోమీటర్ చదవాలి. కంగారులో 62ని 60 అనేస్తే దూరం 97 మీటర్లకు బదులు 106 అవుతుంది, పర్లేదు. అదే 22ని 20 అంటే 453 కాస్తా 503. దూరంగా ఉన్నవాటి దగ్గరే ఇలా పదులకి సర్దేసిన అంకెలు ఎక్కువ ముంచుతాయి. చారల డాల్ఫిన్ల గుంపు పెద్దదైతే గీత విడిచి చుట్టు తిరిగి లెక్కపెట్టాలి. ఆ చుట్టులో కొత్తగా కనిపించినవి సాంద్రత లెక్కలోకి రావు, ఎందుకంటే అవి గీత మీద వెతుకుతుండగా దొరికినవి కావు.

కనపడనివాటి సంగతి ఇంకా ముఖ్యం. సెకనుకి 51 మీటర్లు దాటిపోతాం. నీళ్లలో ఒక చోటు మన కంటి ముందుండేది కొన్ని సెకన్లే. ఫిన్ తిమింగలం నిమిషాల తరబడి మునిగి ఉంటుంది, స్పెర్మ్ తిమింగలం ముప్పావు గంట దాకా. జంతువులకు తగిలించిన ట్యాగుల నుంచి తెలిసిన మునక వేళలతో సరిదిద్దకుండా ఉత్త లెక్కని బయటపెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. 2023లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఈ వాయవ్య మధ్యధరాని ప్రత్యేక సున్నిత ప్రాంతంగా గుర్తించింది. ఓడలు గుద్ది చచ్చిపోయే తిమింగలాల్ని కాపాడాలంటే ఎక్కడ నెమ్మదించాలో చెప్పగలగాలి. అది చెప్పేది సాంద్రత మ్యాపులే.

సాయంత్రం కోణాలన్నీ గ్రాఫులో వేయాలి. 20, 30 దగ్గర గుట్టలు పడితే, రేపు ఎగిరేముందే ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లతో మళ్లీ సాధన చేయించాలి.