మా డ్రాగ్ కారు మళ్ళీ ట్రాక్ ఎక్కిన క్రమం

గత సీజన్ చివర్లో జరిగిన ఒక డ్రాగ్ పోటీలో, అంటే రెండేసి కార్లు నిలిచిన చోటు నుంచి తిన్నని ట్రాక్ మీద పరుగెత్తే పోటీలో, మా కారు క్వార్టర్ మైలు పరుగులో సగం దూరం దాటీ దాటకముందే ఇంజిన్‌లో పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే ఒక కనెక్టింగ్ రాడ్ విరిగి, సిలిండర్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ రంధ్రం గుండా కారిన ఆయిల్ కుడి వెనక టైరు కిందికి చేరడంతో కారు అదుపు తప్పి, వెనక భాగంతో గోడను కొట్టింది. రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే ఉక్కు గొట్టాల పంజరం), సీటు బెల్టులు, హెల్మెట్ తమ పని తాము చేశాయి కాబట్టి మా డ్రైవర్ ఎవరి సాయమూ లేకుండా దిగి నడిచి వచ్చాడు. ఆ కారును మళ్ళీ కట్టి పోటీలోకి తీసుకురావడానికి మా నలుగురి బృందం ఏమేం చేసిందో ఇక్కడ రాస్తున్నాను. బృందంలో షాసీ (కారు చట్రం), ఇంజిన్ పనులు చూసేది నేను. ఇంత పనిలోనూ, పాత కారు లెక్కలు కొత్త కారుకు పనికిరావని ఒప్పుకోవడమే మాకు అన్నిటికన్నా కష్టమైంది.

మొదట షాసీ పని పట్టుకున్నాము. పైకి చూస్తే వంగినవి వెనక ఉన్న రెండు గొట్టాలే. అయితే గొట్టాలతో అల్లిన చట్రానికి ఒక మూల దెబ్బ తగిలితే ఆ దెబ్బ ఎంత లోపలికి పాకిందో కంటితో చెప్పలేము. అందువల్ల బాడీ ప్యానెళ్ళు, ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ అన్నీ విప్పి, ఒట్టి చట్రాన్ని జిగ్ మీద, అంటే కదలకుండా పట్టి ఉంచే దిమ్మె మీద, బిగించి, ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకు, కుడి ముందు మూల నుంచి ఎడమ వెనక మూలకు కొలిచి చూశాము. సమానంగా ఉండవలసిన ఆ రెండు కొలతల మధ్య తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్ళగా, డ్రైవర్ సీటు వెనక ఉన్న అడ్డగొట్టం దాకా వంపు పాకినట్లు తేలింది. వంగిన గొట్టాలను వేడిచేసి సరిచేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. కానీ మా చట్రం 4130 క్రోమోలీ ఉక్కుతో చేసినది. గొట్టం గోడ పల్చగా ఉన్నా బలంగా నిలబడే ఆ ఉక్కును వంగిన చోటే కాల్చి తిరిగి వంచితే, ఆ చోట మిగిలిన బలం ఎంతో ఎవరూ పూచీ పడలేరు. డ్రైవర్ వీపు వెనక ఉండే గొట్టం విషయంలో నేను అటువంటి పనికి ఒప్పుకోను. అందుకే అడ్డగొట్టం దగ్గర నుంచి వెనక భాగాన్నంతా కోసివేసి కొత్తగా కట్టాము.

అమెరికాలో డ్రాగ్ రేసింగ్‌ను నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం క్వార్టర్ మైలును, అంటే 1320 అడుగులను, 9.99 సెకన్లలో గాని అంతకన్నా వేగంగా గాని పూర్తిచేసే మాలాంటి కారుకు షాసీ ధ్రువీకరణ ఉండాలి. మా కారు వేగానికి ఆ ధ్రువీకరణకు మూడేళ్ళ గడువు ఉంటుంది. మా పాత స్టిక్కరుకు గడువు ఇంకా మిగిలి ఉన్నా, కోసి అతికిన చట్రానికి అది వర్తిస్తుందని అనుకోవడానికి వీల్లేదు. క్రోమోలీ గొట్టాల అతుకులన్నీ టిగ్ వెల్డింగ్‌తోనే (టంగ్‌స్టన్ కడ్డీతో, జడ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్) వేయాలి; వేసిన అతుకును అందం కోసం గ్రైండింగ్ చేసి నునుపు చేయకూడదు. నునుపు చేస్తే అతుకులోని లోహం తరిగిపోవడమే కాక, తనిఖీ చేసేవారికి ఆ వెల్డింగ్ నాణ్యత కనబడకుండా పోతుంది. తనిఖీకి వచ్చినాయన ఒక్కొక్క గొట్టం మీద చుక్క జెల్లు వేసి, చిన్న బిళ్ళంత సెన్సరును దాని మీద ఆనించి, శబ్ద తరంగాలతో గోడ మందం కొలిచారు. కేజ్‌లోని ప్రధాన గొట్టానికి క్రోమోలీలో కనీసం 0.083 అంగుళాల మందం ఉండాలి. వంపు తిప్పిన చోట గొట్టం వెలుపలి గోడ సాగి పలచబడుతుంది కాబట్టి ఆయన అక్కడ మరింత నెమ్మదిగా చూశారు. తర్వాత డ్రైవర్‌ను హెల్మెట్‌తో సీట్లో కూర్చోబెట్టి, తల ఎటు ఊగినా తగిలే అవకాశమున్న ప్రతి గొట్టానికీ మెత్తటి ప్యాడింగ్ ఉందో లేదో చేత్తో తడిమి చూశారు. ఇటువంటి తనిఖీని ఇబ్బందిగా భావించేవారిని నేను చూశాను. నా మట్టుకు నాకు, మా పనిని కొత్త కళ్ళతో చూసే మనిషి దొరకడమే గొప్ప మేలు.

బెల్టులు, హెల్మెట్ చూడటానికి చెక్కుచెదరకుండా ఉన్నా, ఒకసారి దెబ్బను తట్టుకున్నవాటిని మళ్ళీ నమ్మకూడదని అన్నీ కొత్తవి కొన్నాము. ఆ ఖర్చు గురించి బృందంలో చర్చే జరగలేదు.

ఇంజిన్ విషయంలో ఎక్కువ సమయం తీసుకున్నాను. బ్లాక్ పనికిరాదు కాబట్టి కొత్తది తెచ్చి, సిలిండర్లను కొలతకు తొలిచి (బోరింగ్), లోపలి గోడలను సానపట్టించాము (హోనింగ్). క్రాంక్‌షాఫ్ట్‌ను అయస్కాంత పొడితో పగుళ్ళ పరీక్ష చేయించిన తర్వాతే వాడాము. పిస్టన్ రింగుల కొసల మధ్య ఖాళీని సిలిండర్ వారీగా ఆకురాయితో సరిచేశాను. ఈ ఖాళీ తక్కువైతే వేడికి వ్యాకోచించిన రింగు కొసలు ఒకదానికొకటి తగిలి సిలిండర్ గోడను గీరేస్తాయి. ఎక్కువైతే పీడనం కిందికి జారి శక్తి పోతుంది. బేరింగుల్లో ఆయిల్ పొరకు కావలసిన సందును మైక్రోమీటరుతో ఒకటికి రెండుసార్లు కొలిచాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలతకూ మధ్యాహ్నం తీసిన కొలతకూ తేడా రాకుండా, భాగాలన్నిటినీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి మరునాడు కొలిచేవాడిని.

రాడ్ విరిగిన ఇంజిన్ కాబట్టి రాడ్ బోల్టుల మీద నా శ్రద్ధంతా పెట్టాను. వాటిని టార్క్ రెంచ్ (బోల్టును తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పానా) చూపే అంకెను బట్టి బిగిస్తే సరిపోదు. బోల్టుకు పూసిన నూనె ఎంత జారుగా ఉందన్న దాన్ని బట్టి, అదే టార్క్‌కు బోల్టు మీద పడే బలం మారిపోతుంది. నిజానికి బోల్టు గట్టి స్ప్రింగులా సాగి రెండు భాగాలనూ పట్టి ఉంచుతుంది కాబట్టి, అది ఎంత సాగిందో నేరుగా కొలవడమే సరైన పద్ధతి. ఒక్కొక్క బోల్టునూ బిగించకముందు పొడవు కొలిచి, నంబరు వేసి, నోటుపుస్తకంలో రాసి, తయారీదారు చెప్పినంత సాగేదాకా బిగించాను. విప్పిన తర్వాత ఏ బోల్టయినా మొదటి పొడవు కన్నా అంగుళంలో వెయ్యో వంతు పొడవుగా మిగిలిందంటే అది తన స్థితిస్థాపకత కోల్పోయినట్లే, దాన్ని తీసి పారవేయాలి. ఇది విసుగు పుట్టించే పని అంటారు గాని, నాకు ఆ పనిలో ఉన్నంత మనశ్శాంతి మరెక్కడా దొరకలేదు.

గేర్‌బాక్స్, ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా దానికి అందించే టార్క్ కన్వర్టర్ బయట సర్వీసు చేయించుకుని బిగించాము. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పవలసిందేమీ లేదు. మొదటిసారి ఇంజిన్ నడిపిన తర్వాత ఆయిల్ ఫిల్టరును కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి, పిండి, వెలుతురులో పెట్టి చూశాను. లోహపు రజను లేదు.

కారు సిద్ధమయ్యాక డ్రైవర్ సిద్ధం కావాలి. కొత్త చట్రంలో సీటు కొద్దిగా వెనక్కి, కిందికి జరిగింది. డ్రాగ్ రేసింగ్ లైసెన్సు పరీక్షలో డ్రైవర్ కళ్ళకు గంతలు కట్టి కంట్రోళ్ళన్నీ తాకి చూపించమంటారు. పొగ కమ్మినప్పుడు, మంటలు లేచినప్పుడు వెతుక్కునే వ్యవధి ఉండదు. మాకు ఇప్పుడు కొత్త లైసెన్సు అవసరం లేకపోయినా అదే పరీక్షను మేమే పెట్టుకున్నాము. ఇంధనం కట్, ఇగ్నిషన్, మంటలార్పే సిలిండర్ లీవరు అని నేను ఒక్కొక్క పేరే పిలుస్తుంటే అతను తాకాలి. మొదటి రెండూ సరిగానే తాకాడు, మూడోదానికి చెయ్యి గాలిలో ఆగింది.

"అన్నా, చెయ్యి వెతుక్కుంటోంది. పాత సీట్లో అయితే దానంతటదే వెళ్ళేది."

"అయితే లీవరునే నీ చేతికిందికి తెద్దాం, తమ్ముడూ. నువ్వు దానికోసం వంగాల్సిన పని లేదు."

లీవరును ముందుకు జరిపి, బ్రాకెట్ మళ్ళీ వెల్డింగ్ చేసి, అతని చెయ్యి ఆలోచన లేకుండా వెళ్ళేదాకా పరీక్ష కొనసాగించాము.

టెస్టింగ్‌కు ట్రాక్ దొరికినప్పుడు పూర్తి పరుగు తీయాలన్న తొందర అందరికీ ఉంది. అయినా మొదట 60 అడుగుల దాకా వెళ్ళి థ్రాటిల్ వదిలేయడం, తర్వాత 330 అడుగులు, ఆ తర్వాత 660, అన్నీ సరిగా ఉంటేనే చివరిదాకా అన్న క్రమం పెట్టుకున్నాము. పాత నోటుపుస్తకంలో ఉన్న స్టార్టింగ్ ఆర్.పి.ఎం., టైరు గాలి, షాక్ అబ్జార్బర్ల సెట్టింగులతోనే మొదలుపెట్టాము. ఆ అంకెలు కొన్ని సీజన్ల శ్రమతో సంపాదించుకున్నవి కాబట్టి వాటి మీద మమకారం ఉండడం సహజం. కారు కదలగానే వెనక టైర్లు జారాయి, ముందు భాగం కుడికి తిరిగింది. డ్రైవర్ వెంటనే వదిలేశాడు. పరుగు కొలతలను నమోదు చేసే డేటా లాగర్‌లో, వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే డ్రైవ్‌షాఫ్ట్ వేగం గీత మొదటి క్షణాల్లోనే నిటారుగా పైకి లేచింది. టైరు పట్టు వదిలిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. పాత చట్రం ఇన్నేళ్ళలో కొంత సడలి, స్టార్టింగ్ అదురును కొంత తనలోనే మింగుకునేది. కొత్త వెనక భాగం బిర్రుగా ఉండడంతో ఆ బలమంతా ఒక్కసారిగా టైర్లకు చేరుతోంది. పైగా ఇంజిన్ టార్క్ వల్ల కుడి వెనక టైరు మీద బరువు తగ్గితే, ఎడమ టైరు ఎక్కువగా తోసి కారును కుడికి తిప్పుతుంది. నాలుగు చక్రాల కింద తూకం పెట్టి బరువులు మళ్ళీ రాసుకున్నాము. వెనక యాక్సిల్‌ను చట్రానికి కలిపే కడ్డీల్లో కుడి పైదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ టైరు మీద ముందస్తు బరువు పెంచాము. స్టార్టింగ్ ఆర్.పి.ఎం. తగ్గించాము. ప్రతి మార్పుకూ ఒక పరుగు, ఒక్కో పరుగుకు ఒకే మార్పు అన్న నియమాన్ని ఎవరినీ దాటనివ్వలేదు. 60 అడుగుల దగ్గర పోగొట్టుకున్న సమయం ట్రాక్ చివరికి వచ్చేసరికి అంతకన్నా పెద్దదై తేలుతుంది కాబట్టి మిగతా దూరం గురించి ఆలోచించే ముందు ఆ అంకె నిలకడగా రావాలి. చివరికి కారు తిన్నగా వెళ్ళిన రోజు, కొత్త నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాము.

మేము పాల్గొన్నది బ్రాకెట్ పోటీలో. ఇందులో ఎవరి కారుకు ఎంత సమయం పడుతుందో వారే ముందుగా ప్రకటించాలి. దాన్ని డయల్-ఇన్ అంటారు. నెమ్మది కారుకు ఆ తేడా మేరకు ముందుగా పచ్చలైటు వెలుగుతుంది. ప్రకటించిన సమయం కన్నా వేగంగా వెళితే బ్రేకౌట్ అయి ఓడిపోవచ్చు. అందువల్ల ఇక్కడ వేగం కన్నా నిలకడకు విలువ ఎక్కువ. కొత్తగా కట్టిన కారుకు ఇంతకన్నా నిజాయితీగల పరీక్ష నాకు తెలియదు. ప్రాక్టీసు పరుగులు చూసుకుని 9.40 అని అద్దం మీద రాశాము. మొదటి రౌండులో ప్రత్యర్థి డయల్-ఇన్ 10.15 కాబట్టి అతను మాకన్నా 0.75 సెకన్లు ముందుగా బయలుదేరాడు. మావాడు బర్నౌట్ (టైర్లు వేడెక్కి పట్టు పెరిగేలా వాటిని నిలిచిన చోటే తిప్పడం) ముగించి, స్టార్టు గీతకు దగ్గరయ్యామని చెప్పే ప్రీస్టేజ్ లైటు వెలిగించి, అక్కడి నుంచి 7 అంగుళాలు మెల్లగా జరిపి, గీత మీదికి వచ్చామని చెప్పే స్టేజ్ లైటు వెలిగించాడు. సెకనులో సగం చొప్పున మూడు పసుపు లైట్లు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. టైమ్ స్లిప్‌లో మా రియాక్షన్ (పచ్చలైటు తర్వాత కారు కదలడానికి పట్టిన సమయం) 0.021, పరుగు 9.42. ప్రత్యర్థి రియాక్షన్ 0.038, పరుగు 10.18. గెలుపు తేడా 0.027 సెకన్లు, గంటకు 230 కిలోమీటర్ల దగ్గర వెళుతున్న కారుకు అది రెండు మీటర్లు కూడా కాదు. మా పిట్‌లో అందరూ ఒక్కసారిగా అరిచారు, నేను కూడా.

రెండో రౌండులో మా కారు మళ్ళీ 9.42 పరిగెత్తింది. ప్రత్యర్థి రియాక్షన్ 0.008, అతని పరుగు కూడా డయల్-ఇన్‌కు చాలా దగ్గరగా వచ్చింది. మాకన్నా బాగా నడిపాడు, గెలిచాడు. నాకు మాత్రం ఆ రెండు స్లిప్పుల్లోనూ ఒకే అంకె రావడం గెలుపంత సంతోషాన్నిచ్చింది. తర్వాతి పోటీకి పేరు నమోదు చేశాము. ఈలోగా ఆయిల్ పాన్ దించి బేరింగులు చూడాలి, వెనక షాక్‌లను మరొక మెట్టు సడలించి 60 అడుగుల పరీక్ష చేయాలి, డ్రైవర్ అడిగినట్లు, స్టార్టు దాకా కారును నిలిపి ఉంచే ట్రాన్స్‌బ్రేక్ బటన్‌ను స్టీరింగ్ మీద కొంచెం పైకి జరపాలి.