వెన్నునీరు తీశాక వచ్చే తలనొప్పి: నా అనుభవం

నరాల డాక్టరు రాసిన పరీక్ష కోసం నడుం దగ్గర సూది గుచ్చి వెన్నునీరు తీశారు. ఆ పూటంతా బాగానే ఉన్నాను. మర్నాడు లేచి పళ్ళు తోముకుంటుంటే మెడ వెనక నుంచి నుదుటి దాకా పట్టి లాగేసింది. మళ్ళీ పడుకుంటే కాసేపట్లో తేలికైపోయింది. లేస్తే రావడం, పడుకుంటే పోవడం: ఈ తలనొప్పికి అసలు గుర్తు ఇదే. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది, ఐదో రోజు వరకూ రావచ్చు. మెడ పట్టెయ్యడం, వికారం, చెవుల్లో హోరు, వెలుతురు పడకపోవడం కూడా తోడవుతాయి.

నీరు తీసేశారు కాబట్టి నొప్పి అనుకుంటారు, కాదు. తీసేది 10-15 మి.లీ. శరీరం రోజుకి 500 మి.లీ. దాకా తయారు చేసుకుంటుంది కాబట్టి ఆ లోటు గంటలోపే తీరిపోతుంది. గొడవంతా సూది వెళ్ళిన చిల్లుతోనే. వెన్నుపాము చుట్టూ ఉన్న గట్టి పొరలో అది పూడకపోతే నీరు బయటికి ఊరుతూనే ఉంటుంది. లేచి నిలబడితే మెదడు కాస్త కిందికి జారి పొరల్ని లాగుతుంది. అలా ఊరిపోయిన నీటి లోటు పూడ్చడానికి తల లోపలి రక్తనాళాలు ఉబ్బుతాయి. కాఫీ కొంత ఉపశమనం ఇచ్చేది వాటిని బిగించే. ఒక మోతాదుగా 300 మి.గ్రా. కెఫీన్ చెబుతారు, అంటే దాదాపు మూడు కప్పుల కాఫీ. గుండెదడ ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడక్కుండా అంత తాగకూడదు.

సూది సంగతి ముందే మాట్లాడుకోవాలి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. సిజేరియన్‌కి ఇలాగే నడుంలో సూది గుచ్చి ఇచ్చే మత్తుకి 25, 27 వాడతారు. పరీక్షకి అంత సన్నం పెడితే నీరు చుక్కచుక్కగా చాలాసేపు పడుతుంది కాబట్టి చాలాచోట్ల 22తో కానిస్తారు. సన్నం కంటే మొన ముఖ్యమని నా అభిప్రాయం. కోసుకుంటూ వెళ్ళే వాడి మొన కంటే పొర పోగుల్ని పక్కకి జరిపే పెన్సిల్ మొనతో ఈ బాధ బాగా తక్కువ. "పెన్సిల్ పాయింట్ ఉందా అండీ?" అని అడగడంలో తప్పేమీ లేదు. సూది బయటికి లాగేముందు దాని బోలులో ఉండే సన్న తీగని తిరిగి పెట్టాలి, అదీ తేడా చూపిస్తుంది.

ఇక దిండు తీసేసి రోజంతా వెల్లకిలా పడుకోబెట్టడం. దానివల్ల తలనొప్పి రాకుండా ఆగదు, వచ్చింది కనబడకుండా ఉంటుందంతే. నొప్పి ఉన్నప్పుడు పడుకోండి, తేలిగ్గా ఉంటే లేవండి. నీళ్ళు దాహానికి సరిపడా చాలు, సెలైన్ బాటిళ్ళు ఎక్కించుకుంటే చిల్లు పూడదు. బాలింతకి నీళ్ళు తగ్గించే పెద్దవాళ్ళ అలవాటు మాత్రం ఇక్కడ అసలు పనికిరాదు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. బరువులెత్తడం, ముక్కడం వద్దు. మలబద్ధకం ఉంటే డాక్టర్ని అడిగి లాక్టులోజ్ సిరప్ తెచ్చుకోవాలి.

చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కూర్చుని అన్నం తినలేని స్థితి అయితే మాత్రం బ్లడ్ ప్యాచ్ ఉంది. నాకు అదే చేశారు. మత్తు డాక్టరు మన చేతినుంచే రక్తం శుభ్రంగా తీసి, 15-20 మి.లీ. దాకా, ఆ పొర బయట మెల్లగా ఎక్కిస్తారు. నడుంలో బిగువు బాగా ఎక్కువైతే చెప్పాలి, అక్కడితో ఆపేస్తారు. రక్తం గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. బల్ల మీదే తల తేలికవడం తెలుస్తుంది. తర్వాత గంటా రెండు గంటలు పడుకోబెడతారు, నడుం నొప్పి కొన్ని రోజులుంటుంది. కొందరికి రెండోసారీ చెయ్యాల్సొస్తుంది. జ్వరం ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా వెంటనే చెయ్యరు.

నొప్పి తీరు మారిందా అన్నది రోజూ గమనించాలి. పడుకున్నా తగ్గకపోవడం, జ్వరం, మగత, ఫిట్స్, చెయ్యీ కాలూ బలహీనపడటం, ఒకటి రెండుగా కనిపించడం వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. మెదడులో సిర మూసుకుపోవడం, పొర కింద రక్తం చేరడం, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటివి అప్పుడు స్కాన్ చేసి చూస్తారు.